రెండో తలుపు

"ఒక్క తలుపు చాలన్నానా, చాలు," అన్నాడు మా ఆయన వెర్లిన్ రొట్టెకు వెన్న పూస్తూ. "గోడకి ఎన్ని కంతలు పెడితే వాన అన్ని దారుల్లో లోపలికొస్తుంది."

"నేనడిగేది కంత కాదు, తలుపు."

"తలుపంటే కంతే. దానికో చెక్క అడ్డం పెడతాం, అంతేగా."

క్రిస్మస్ ముందు మొదలైన తగువు ఇది. మార్చి వచ్చింది. గ్యారేజీ పక్కన మంచు కుప్ప నల్లబడి కరుగుతున్నా మా ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

ఆయన కడుతున్నది కారు వెనక తగిలించుకుని వెళ్ళే చిన్న బండి. ముందు గుండ్రంగా లేచి వెనక్కి సన్నగా జారే నీటిబొట్టు ఆకారం. లోపల ఇద్దరు పడుకునే పరుపు పడుతుంది, నిలబడే ఎత్తు ఉండదు. వెనక మూత ఎత్తితే వంటగట్టు, దానికీ పరుపుకీ మధ్య అడ్డగోడ. జూన్‌లో బడి వంటశాలలో నా ఉద్యోగం ముగుస్తుంది. వేసవంతా ఇద్దరం అందులో పడమటి కొండలన్నీ తిరగాలని ఆయన ఆశ. వస్తానని నేనూ మాటిచ్చాను.

తలుపు కుడివైపు పెట్టాడు. రాత్రిళ్ళు మాటిమాటికీ లేచేది ఆయనే కాబట్టి ఆ పక్క ఆయనది. నాకు ఎడమపక్క. అటు గోడ, ఇటు అంత మనిషి, చెయ్యెత్తితే తగిలే కప్పు. చిన్నప్పుడెక్కడో ఇరుక్కుపోయిన కథేమీ నాకు లేదు. ఊహించుకుంటేనే ఊపిరాడదు, అంతే. ఆ మాట చెబితే నవ్వుతాడని ఇన్నాళ్ళూ గాలి గురించీ వెలుతురు గురించీ వాదిస్తూ వచ్చాను.

"రాత్రి నేను లేవాల్సొస్తే?"

"నన్ను లేపు."

"నిన్ను లేపేకంటే ఎలుగుబంటిని లేపడం నయం."

మా అత్తగారు ఆర్డిస్ కాఫీ కప్పు వెనక నవ్వింది. "ఒకటే తలుపుంటే మంచిదేనే నోరీన్. పోట్లాడుకున్నా ఎవరూ అలిగి పోలేరు."

"అయితే మీరే వెళ్ళి పడుకోండి అత్తయ్యా."

"వాళ్ళ నాన్న గురక విన్నది చాల్లే."

ఆ రోజు కప్పు వంచే పని. సాయానికి మా అమ్మాయి క్రిస్టా వచ్చింది. వేడినీళ్ళ తువ్వాళ్ళు పరిచి పలచటి ప్లైవుడ్ పలకను మెత్తబరిచాం. అడ్డకర్రలకు జిగురు పూసి, పలక పైన పెట్టి, లారీల మీద సామాను కట్టే బెల్టులతో ముందునుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. పలక ప్రతి కర్ర మీదా ఆనిందో లేదో చూసి చెప్పేందుకు లోపల ఒకరుండాలి. అందరిలో చిన్న మనిషిని నేనే. గోడ వంకర పోకుండా వెర్లిన్ తలుపు మూసేశాడు.

చేతిలో దీపం, ముక్కులో జిగురు ఘాటు.

"మూడో కర్ర ఆనింది," అని అరిచాను.

బయట బెల్టు బిగించే మర కటకటలాడింది. నెత్తిమీద పలక మూలిగింది.

"నాలుగోది?"

"ఆనింది. వెర్లిన్, కళ్ళు మండుతున్నాయి. కాస్త తలుపు తియ్యి."

బయటినుంచి తలుపు లాగాడు, రాలేదు. మళ్ళీ లాగాడు. భుజంతో నెట్టాడు. బెల్టుల బిగువుకి గోడ జరిగి తలుపును నాలుగు పక్కలా పట్టేసింది.

"పట్టేసిందే," అన్నాడు, తనతో తనే అనుకున్నట్టు.

"బెల్టులు వదులు."

బయట పనిముట్ల పెట్టె తెరిచిన చప్పుడైంది.

"వెర్లిన్!"

"వదిలితే పలక లేచి విరుగుతుంది నోరీన్. చలికాలమంతా చేసిన పని. ఒక్క నిమిషం ఆగు, అంచు చిత్రిక పడితే వచ్చేస్తుంది."

చిత్రిక బరబరా గీకడం మొదలైంది. నేను నేలకు బోర్లా పడుకుని తలుపు కింద సందుకు నోరు ఆనించాను. సన్నటి చల్లగాలి తగిలింది, చాల్లేదు. ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి గోడను తడిమింది. గట్టి గోడ. గొళ్ళెం లేదు, సందు లేదు. గుప్పిటతో కొట్టాను. మరోసారి పిలుద్దామంటే దగ్గు తప్ప మాట రాలేదు.

"నాన్నా, అమ్మ దగ్గుతోంది!" క్రిస్టా గొంతు. "వదులు నాన్నా! నువ్వు వదులుతావా, నన్ను బెల్టులు కొయ్యమంటావా?"

చిత్రిక ఆగింది. ఆ క్షణంలో ఆయన ఏం తూచుకుంటున్నాడో నాకు లోపలినుంచి కనబడినట్టే ఉంది.

మర వదిలాడు. బెల్టు కొరడాలా గోడను కొట్టింది. పలక పైకి ఎగిరి నడిమికి పెళ్ళున చీలింది. చీలికలోంచి గ్యారేజీ దీపం వెలుతురు నా మీద పడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

చేతులు పట్టి బయటికి లాగాడు వెర్లిన్. "నీకేం కాలేదుగా? ఏం కాలేదుగా?" అంటూనే ఉన్నాడు. అంటూనే ఓసారి పైకి, చీలిన పలక వైపు చూశాడు.

నేను గుమ్మం మెట్ల మీద కూర్చుని గాలి పీల్చుకున్నాను. మొహం కడుక్కున్నాను. వాళ్ళిద్దరూ ఇంట్లోకి వెళ్ళాక మళ్ళీ గ్యారేజీలోకి వచ్చాను. వదులైన ఆ తలుపును బందులు విప్పి ఊడదీసి, ఎడమ గోడకు ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను.

రాత్రి భోజనానికి మాంసం మీద బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చిన హాట్‌డిష్ పెట్టాను.

"కొత్త పలక తెప్పిస్తాను," అన్నాడు వెర్లిన్ కంచంలోకి చూస్తూ. "ఈసారి మెల్లిగా బిగిస్తాను. ఇలా జరుగుతుందని ఎవరనుకుంటారు?"

క్రిస్టా నా వైపు చూసింది. ఆర్డిస్ ఫోర్కు కింద పెట్టింది.

"పలక తర్వాత," అన్నాను, బీన్స్ గిన్నె ఆయన వైపు జరుపుతూ. "రేపు ముందు ఎడమ గోడ కోస్తున్నాను. గీత గీసేశాను. వానొస్తే తుడుచుకుందాం. ఆ తలుపు లేకపోతే జూన్‌లో నువ్వొక్కడివే వెళ్ళు."