తెల్లని అరచేతులు

ఎన్యోనామ్ రోకలి దింపి నడుం పట్టుకుంది. కొండ తవ్వి తెచ్చిన తెల్లమట్టి పెళ్ళలు రోట్లో ఇంకా సగమే నలిగాయి. నిండు కడుపు అడ్డమొస్తుంటే కాస్త పక్కకు తిరిగి దంచుతోంది. నాలుగు పోట్లు వేస్తే చాలు, గుండె దడదడలాడి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రోకలి ఆగితే కూలి ఆగుతుంది.

దంచిన పొడిని జల్లించి, తడిపి, గుడ్లలా చేసి పొగబట్టీలో కాలిస్తే కడుపుతో ఉన్నవాళ్ళు ఎగబడి కొంటారు. వేవిళ్ళకు మంచిదని మా దగ్గర అందరి నమ్మకం. ఆకలి రుచెరగదంటారు గానీ ఈ మట్టికి రుచి ఉంది, తొలకరి వాసన ఉంది. ఎన్యోనామ్ పొద్దుటి నుంచీ విరిగిన ముక్కలే చప్పరిస్తోంది. నోట్లో ముక్క ఉంటే పొట్ట కాసేపు గోల చెయ్యదు.

"చేసేదీ నువ్వే, మేసేదీ నువ్వే. ఇంక అంగడికేం పోతుందే?" అంది బట్టీ దగ్గరున్న అబ్లా అత్త.

"లోపలున్నవాడు అడుగుతున్నాడత్తా. నాదేం లేదు."

"రక్తం లేదు, కాన్పులో ప్రాణం మీదికొస్తుందని నర్సమ్మ అరిచి వెళ్ళింది కదే. ఆమె ఇచ్చిన మాత్రలేవి?"

"తిన్నాక వేసుకోమంది. ఉత్త కడుపున వేస్తే కక్కొస్తోంది. ఆ తినేదేదో ముందు పెట్టమను, మాత్ర నేనే మింగుతా."

అత్త నవ్వింది, ఆ వెంటనే మొహం తిప్పుకుంది.

ఇంతలో కారాగింది. సిమెంటు కొట్ల యజమాని భార్య సిత్సోఫే దిగింది. ఆమెకూ నెలలు నిండాయి. నున్నటి గుడ్లు ఏరుకుంటూ, "మట్టి తింటే రక్తం పట్టదని డాక్టరు ఒకటే తిట్టు. రోజూ కార్జం తింటూనే ఉన్నా, ఓ ముక్కకేమవుతుందిలే" అంది. ఎన్యోనామ్ వైపు చూసి, "అబ్బ, నీ చేతులెంత తెల్లగా ఉన్నాయే!" అంది.

"మట్టేనమ్మా," అని ఎన్యోనామ్ నడుముకు చుట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంది. తుడిచినా ఆ తెలుపు పోలేదు. అది మట్టి కాదని, అక్కడే దంచుతున్న మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇద్దరూ ఒకే మట్టి తిన్నారు. ఆమె అన్నం తిన్నాక తింది, ఈమె అన్నానికి బదులు తింది. నాకు కడుపు మండేది అక్కడే.

మధ్యాహ్నం ఎన్యోనామ్‌కు రోటి దగ్గరే నొప్పులొచ్చాయి. భర్త కోమ్లా, అత్తా కలిసి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. కాన్పయ్యాక ఏదైనా తినాలని నర్సు అంటే, కోమ్లా ఇంటికి పరుగెత్తి పొయ్యి రాజేశాడు. వంట అతనికి చేతకాదు.

ఆడపిల్ల పుట్టింది, గట్టిగానే ఏడ్చింది. తల్లికి పోయిన రక్తం ఇంకొకరైతే తట్టుకునేంతే. ఈమెకు పోవడానికి అంత కూడా లేదు. ఎక్కించడానికి ఆసుపత్రిలోనూ లేదు. "కాస్త పడుకుంటానత్తా" అంది. అంతే.

కోమ్లా వచ్చేసరికి దుప్పటి మొహం దాకా కప్పి ఉంది. అతని చేతిలోని గిన్నెను అత్త అందుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. ఆకుకూర పులుసు ఇంకా పొగలు కక్కుతోంది. ఆ ఇంట్లో ఎప్పుడూ మగవాడి పళ్ళెంలోకే వెళ్ళే చేప తల, ఇవాళ ఆమె కోసం అందులో పైకి తేలి ఉంది.