ఏసీ బోగీకి నల్ల ఫిల్మ్

కడపలో శామ్‌ది స్టిక్కర్ల కొట్టు. బండ్లకు నంబరు ప్లేట్లు రాస్తాడు, కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటిస్తాడు. పక్క కొట్టు అక్బర్‌ది. ఆటోలకూ కార్లకూ సీట్లు కుడతాడు. ఇద్దరికీ బడి నాటి స్నేహం.

శామ్ తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. ఆ నెత్తురు వల్లనో ఏమో, శామ్‌కు రైళ్లంటే ప్రాణం. గిరాకీ లేనప్పుడు ప్లాస్టిక్ షీట్లు కోసి, మూరెడు పొడవు బోగీలు చేసేవాడు. బయటినుంచి చూస్తే స్టేషన్లో ఆగిన బోగీకీ దానికీ తేడా ఉండేది కాదు. లోపల మాత్రం వట్టి డొల్ల.

"ఇంత చేసి లోపల ఏమీ లేకపోతే ఎట్లప్పా? జనం యాడ కూచోవల్ల?" అని అక్బర్ ఒకరోజు ఒక స్లీపర్ బోగీని ఎత్తుకుపోయాడు.

తిరిగి తెచ్చినప్పుడు శామ్ కిటికీలోంచి లోపలికి చూశాడు. నీలం రెగ్జిన్ ముక్కలతో బెర్తులు. తెగిన మెడగొలుసు తుంపులతో మధ్య బెర్తును వేలాడదీశాడు. పైకెక్కడానికి సన్న తీగ నిచ్చెన ఉంది. ఒక బెర్తు మీద ముసలామె కాళ్ల నుంచి తలదాకా దుప్పటి కప్పుకొని పడుకుంది. ఆమె చెప్పులు బెర్తు కింద ఉన్నాయి, ఒకటి బోర్లాపడి.

"శానా బాగుండాది," అన్నాడు శామ్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

తరువాత ఊళ్లో చేతిపనుల ప్రదర్శన జరిగింది. బోగీని ఇద్దరి పేర్లతో పెట్టారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వంగి కిటికీల్లో కళ్లు పెట్టారు. "ఓమ్మా, ఈ అవ్వ చెప్పులు చూడు!" అని ఒకామె పిల్లల్ని పిలిచింది. పేపరాయన ఫోన్‌ను కిటికీకి ఆనించి లోపలిదే ఫొటో తీసుకున్నాడు.

"లోపలి పని ఎవరిదప్పా?" అని అడిగాడు.

"ఈయనదే," అని అక్బర్‌ను చూపించి శామే చెప్పాల్సి వచ్చింది.

బోగీ ఒంటిని గాజులా నున్నగా చేయడానికి ఉప్పు కాగితం పట్టి పట్టి శామ్ వేళ్ల చర్మం లేచిపోయింది. ఆ నునుపు మీద ఒక్కరి చూపైనా నిలబడలేదు. ఆ రోజు నుంచి అక్బర్ నవ్వినా శామ్‌కు గుచ్చుకునేది. కొట్టుకు వచ్చినవాళ్లు "రైలు సీట్ల అక్బర్ ఈయనేనా?" అని పక్కకు పోతుంటే, విననట్టే ప్లేట్ల మీద అంకెలు రాసుకునేవాడు.

"ఇద్దరి పేర్లూ రాసినారు గదయ్యా, నీకేం తక్కువైంది?" అంది భార్య స్తుతి.

"నీకు తెల్దులే," అని కసురుకున్నాడు.

మరుసటి ప్రదర్శనకు ఏసీ బోగీ అనుకున్నారు. అక్బర్ ఈసారి ఒళ్లు మరచిపోయి చేశాడు. పాత ఉన్ని సాక్సు కోసి కంబళ్లు మడిచాడు. అతని భార్య రిహానా జాకెట్టు లైనింగు గుడ్డతో వేలెడంత కర్టెన్లు కుట్టి, కుచ్చులు పోసింది. బెర్తు బెర్తుకూ మినుకుమనే దీపం. అన్నీ అమర్చి శామ్ చేతికిచ్చి, "పైకప్పు మూత నువ్వే బిగించు, అది నీ పని," అన్నాడు అక్బర్.

శామ్ మూత బిగించాడు. బిగించి, కొట్టు షట్టరు సగం దించుకుని, కార్లకు వేసే నల్ల ఫిల్ముల్లో అన్నిటికంటే చిక్కనిది తీశాడు. కిటికీ కిటికీకీ కొలిచి కోసి, ఒక్క బుడగ రాకుండా ఒత్తి అంటించాడు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాడు: ఏసీ బోగీ గదా, అద్దాలు నల్లగానే ఉంటాయి.

ప్రదర్శనకు రిహానా కొత్త చీర కట్టుకుని వచ్చింది. వంగి చూసింది. అటు తిరిగి మళ్లీ చూసింది. నల్లటి అద్దంలో ఆమె ముఖమే ఆమెకు కనిపించింది.

"కర్టెన్లు పెట్టలేదా?" అంది మెల్లగా.

అక్బర్ శామ్ వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"ఏసీ బోగీ గదా, అద్దాలు నల్లగానే ఉంటాయి," అన్నాడు భార్యతో.

తాను దాచుకున్న మాటను అక్బర్ నోటి నుంచి వినేసరికి శామ్ గుడ్డ తీసుకుని, తుడిచిన బోగీనే మళ్లీ తుడిచాడు. ఆ రోజు అందరూ రంగునే మెచ్చుకున్నారు. "రంగు బాగా కుదిరింది," అని, ముందుకు పోయారు. ఎవ్వరూ నిలబడలేదు. నిలబడింది ఒక్కడే, కర్నూలులో కరెంటు సామాన్ల కొట్టు ఉన్న ఉరుకుందు. మిద్దె మీద గదినిండా బొమ్మ పట్టాలు పరచుకున్న మనిషి.

"లోపల లైటు ఎలుగుతాండాది. మూత తీసి చూపిస్తారా అన్నా?"

"తీస్తే చెడిపోతాది," అన్నాడు శామ్.

అక్బర్ మూత బిగించకముందు ఫోన్లో తీసుకున్న ఫొటోలు చూపించాడు. ఉరుకుందు వాటిని వేళ్లతో పెద్దవి చేసుకుంటూ చాలాసేపు చూశాడు.

ఆ తరువాత అక్బర్ శుక్రవారం నమాజు కాగానే మైదుకూరు మీదుగా పోయే కర్నూలు బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఉరుకుందు తానే చేసుకున్న బోగీకి అక్బర్ లోపలి పని చేస్తున్నాడని తెలిసింది. పోతూ "పోయొస్తా శామూ" అంటాడు. అంతకు మించి మాట లేదు. సంచిలో రెగ్జిన్ ముక్కలు కనిపించినప్పుడల్లా శామ్ ముఖం తిప్పుకునేవాడు. ఇన్నాళ్లూ అక్బర్‌ను చూసి ఏడ్చినవాడు, ఇప్పుడు అక్బర్ ఎవరికోసం పోతున్నాడో వాణ్ని చూసి ఏడవసాగాడు. ఎంత పనిమంతుడో ఏమో! కొత్త బోగీ చేద్దామని షీటు ముందేసుకుంటే చేయి ఆడలేదు. లోపల డొల్లగా ఉండబోయే దాన్ని ఏమని చేయాలి?

ఒక శుక్రవారం ఉండబట్టలేక బస్టాండు దాకా వెంటపోయాడు.

"ఆ ఫిల్ము కావాలనే వేసినా అక్బరూ. నీ పని ఎవురికీ కనపడకూడదని."

"తెలుసు. రిహానాకూ తెలుసు. ఆ కుచ్చులు కుట్టి కుట్టి దానికి కండ్లు మంటలు పుట్టినాయి."

"మరి ఆ పొద్దే యాల అడగలేదు?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొస్తాది. అది వినడం నాకిష్టం లేకపోయింది."

బస్సు ఇంజను స్టార్టయింది. అక్బర్ మెట్టు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగాడు.

"ముందు రిహానాతో మాట్లాడు. నాతో కాదు."

ఆ సాయంత్రమే శామ్ స్తుతిని వెంటబెట్టుకుని, ఏసీ బోగీ పట్టుకుని అక్బర్ ఇంటికి పోయాడు. రిహానా ఎదుటే కూర్చుని గోటితో ఫిల్ము ఊడబీకాడు. కర్టెన్లు కనిపించాయి. ఆమె బోగీని తీసుకుపోయి అలమారలో పెట్టుకుంది. తిరిగి ఇమ్మని శామ్ అడగలేదు.

మరుసటి వారం అక్బరే పిలిచాడు. "ఉరుకుందు బోగీకి రంగు చూస్తే నీకు కడుపు తరుక్కుపోతాది. వచ్చి వేస్తావా?"

పోయాడు. నిజంగానే రంగు చారలు కట్టి కారింది, కిటికీలు వంకర. అది చూసి శామ్‌కు లోలోపల ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. గీకి, ఉప్పు కాగితం పట్టి, ఎరుపు వేశాడు.

"ఏం చేయప్పా నీది! అద్దం మాదిరి ఉండాది," అన్నాడు ఉరుకుందు.

శామ్ ఆయన వైపు చూడలేదు. ఆ మాట అక్బర్ విన్నాడా లేదా అని అతని వైపు చూశాడు. అక్బర్ తల వంచుకుని బెర్తుకు రెగ్జిన్ అంటిస్తున్నాడు.

"విన్నాలేప్పా," అన్నాడు తల ఎత్తకుండానే. "ఆ బ్రష్షు కడుగు, ఎండిపోతాది."