చిమ్నీ పొగ కనపడని వాళ్ల కోసం

“నేను రాసేశాను. నువ్వు కాస్త అక్షర దోషాలు చూసిపెట్టు, చాలు,” అన్నాడు హోల్గర్, కాగితం తీసుకొచ్చి రొట్టె పళ్లెం పక్కన పెడుతూ.

భార్య వీబెకె చేతులకి ఇంకా చేప పొలుసులు అంటుకునే ఉన్నాయి. కడుక్కుని, తుడుచుకుని కాగితం అందుకుంది. బోర్న్‌హోల్మ్ దీవిలో, సముద్రం ఒడ్డున, హెర్రింగ్ చేపలకి పొగ పెట్టి అమ్మే కొట్టు వాళ్లది. ఏడేళ్ల కిందటి పాత వెబ్‌సైట్ తీసేసి కూతురు మరెన్ కొత్తది తయారుచేస్తోంది. “శుక్రవారంలోగా మాటలు పంపండమ్మా, మీ సంగతి మీరే రాయాలి, నేను రాస్తే అబద్ధంలా ఉంటుంది” అని ఫోన్ చేసింది. పాత సైట్ రాసింది హోల్గరే. వేళలు అన్నచోట ‘చిమ్నీలోంచి పొగ వస్తుంటే తెరిచి ఉన్నట్టే’ అని రాశాడు. ఊళ్లో ఎవరికైనా అది చాలు. కిటికీలోంచి చూసి, తెల్లటి పొగ పలచబడిందంటే చేప తయారైందని పళ్లెం పట్టుకుని వచ్చేస్తారు. పోయిన వేసవిలో ఒక సోమవారం కోపెన్‌హేగన్ నుంచి ఇద్దరు పిల్లల తల్లి పడవెక్కి వచ్చి మూసిన తలుపు ముందు నిలబడింది. “చిమ్నీ చూసుకోలేదా అమ్మా?” అన్నాడు హోల్గర్. “మా ఇంటి కిటికీలోంచి మీ చిమ్నీ కనపడదండీ,” అందావిడ. హోల్గర్ దాన్ని ఆ చలికాలమంతా జోకుగా చెప్పుకున్నాడు. వీబెకె మాత్రం ఆ రోజు ఇంట్లోంచి నాలుగు చేపలు, రై రొట్టె తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టింది.

కాగితం చదివింది. ‘1934 నుంచి తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి. అదే నిప్పు, అదే రుచి.’ మళ్లీ చిమ్నీ. కింద తాతగారి పేరు, మామగారి పేరు, హోల్గర్ పేరు.

అక్షర దోషం ఒక్కటి కూడా లేదు. మనుషులే తగ్గారు.

ఇరవై రెండేళ్లప్పుడు ఆమె ఈ కొట్టులోకి వచ్చింది. మొదటి వారం ఆల్డర్ కట్టెల పొగకి కళ్లు వాచిపోయాయి. అత్తగారు డాగ్నీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. “నలపకు అమ్మాయ్, నలిపితే రేపటిదాకా మండుతుంది. గాలికి కూర్చుని ఈ మజ్జిగ తాగు. నేను చూసుకుంటాలే.” ఆ ఇంట్లో ఆమెని కూర్చోమన్న మొదటి మనిషి డాగ్నీయే. చేపల్ని కంటి దగ్గర గుచ్చి ఇనుప చువ్వకి వరసగా ఎక్కించడం, మంట లేస్తే పొడుగు కర్ర చివర కట్టిన తడి గుడ్డలతో అదిమి పొగ మాత్రమే మిగల్చడం, చర్మం రాగి రంగు దాటి బంగారంలోకి తిరిగే ఆ కాసేపు కన్ను పక్కకి తిప్పకపోవడం, అన్నీ ఆవిడే నేర్పింది. ఆ గుడ్డలు డాగ్నీ పాత నీలం ఏప్రన్లు. చిరిగినవి చిరిగినట్టు చీల్చి కర్రకి కట్టేది. “మన బట్టలు కాలితే గానీ వీళ్ల చేపకి రంగు రాదే,” అని నవ్వేది. కొనడానికి వచ్చినవాళ్లు ఈ రంగెలా వచ్చిందని అడిగితే మామగారు అరచెయ్యి తిప్పి చూపించి, “చెయ్యి తిరగాలండీ,” అనేవాడు. వెనకాల డాగ్నీ, మంటకి కాలిన కనుబొమలతో, చేపలు పొట్లం కడుతూ ఉండేది. ఒక్కోసారి వీబెకె వైపు చూసి ఉన్న సగం కనుబొమ ఎగరేసేది. వీబెకెకి నవ్వాగేది కాదు. ఆ నవ్వు కోసమే ఆ ఏళ్లు గడిచాయేమో అనిపిస్తుంది ఇప్పుడు.

డాగ్నీ పోయాక ఆ కర్ర వీబెకె చేతికొచ్చింది. పదకొండేళ్ల కిందట హోల్గర్ నడుము పట్టేసినప్పటి నుంచి పొయ్యి పూర్తిగా ఆమెదే. అయినా గోడ మీది ఫొటోలో కర్ర పట్టుకుని ఉన్నది హోల్గరే. ఫోన్ మోగితే, “యజమాని గారున్నారా?” అంటారు. “పిలుస్తానుండండి,” అని ఆమె పెరట్లోకి వెళ్లి పిలుచుకొస్తుంది. అతను ఫోన్ అందుకుని, అవతలివాళ్లు అడిగింది విని, అరచేత్తో ఫోన్ మూసి, “ఒసేయ్, ముప్పై మందికి ఎన్ని చేపలు కావాలి?” అని ఆమెనే అడుగుతాడు. ఆమె చెబుతుంది. అతను గొంతు సవరించుకుని అదే చెబుతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు.

ఆ మధ్యాహ్నం ఆమె ఫోన్ కింది సొరుగు లాగింది. పాత క్యాలెండర్లు. ఫోన్లో జనం అడిగినవి వాటి వెనక రాసుకోవడం ఆమెకి అలవాటు. సోమవారం ఉంటారా? పడవ దిగాక బస్సుందా? వానొస్తే లోపల కూర్చోవచ్చా? పిల్లలు ముళ్లెలా తీసుకోవాలి? ఆమె ఒక్కొక్క ప్రశ్నా కాగితం మీదికి ఎత్తి, ఫోన్లో చెప్పినట్టే కింద జవాబు రాసింది. ‘సోమవారం సెలవు. మిగతా రోజుల్లో మొదటి చేప పదకొండింటికి దిగుతుంది. లోపల నాలుగు బల్లలున్నాయి. ముళ్ల గురించి భయపడకండి, వెన్ను మీద వేలితో నెమ్మదిగా నొక్కండి, ముల్లు మొత్తం ఒక్కసారే వచ్చేస్తుంది. రాకపోతే నన్ను పిలవండి.’

ప్రతి క్యాలెండర్ వెనకా ఉన్న ప్రశ్న ఇంకొకటి మిగిలింది. పొగ పెట్టేది ఎవరు? దాని కింద ప్రతిసారీ తన చేతిరాతే, ‘హోల్గర్’ అని. ఎవరూ అలా రాయమనలేదు. ఆమె చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తలుపు వెనక మేకుకి డాగ్నీ చివరి ఏప్రన్ ఉంది. దాన్ని మాత్రం చీల్చడానికి చేతులు రాలేదు.

రాసింది.

హోల్గర్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. “ముళ్లు తీయడం కూడా చెప్పాలా?”

“చెప్పాలి. వాళ్లు సగం తిని భయపడి వదిలేస్తున్నారు.”

“మా నాన్నేడి?”

“ఉన్నాడు చూడు. పొయ్యి కట్టింది వాళ్ల నాన్న, చిమ్నీ ఎత్తు పెంచింది ఆయన.”

అతని వేలు చివరి వరసల దగ్గర ఆగింది. ‘పొగ పెట్టేది నేను, వీబెకె. నాకు నేర్పింది మా అత్తగారు డాగ్నీ. ఆవిడ ఇక్కడ నలభై ఏళ్లు పొగ పెట్టింది.’

“ఇది...” అన్నాడు. “ఊళ్లో ఏమనుకుంటారే?”

“ఊళ్లోవాళ్లకి తెలుసు, హోల్గర్. వాళ్లకి చిమ్నీ కనపడుతుంది.”

అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “అమ్మ కనుబొమలు,” అన్నాడు, “మళ్లీ మొలిచాయా ఎప్పుడైనా?”

“క్రిస్మస్‌కి మొలిచేవి. మే నెలకి పోయేవి.”

అప్పుడే ఫోన్ మోగింది. వీబెకె ఎత్తింది. అవతల ఎవరో మగగొంతు, తొందరలో ఉంది: “యజమాని గారున్నారా?”

హోల్గర్ అలవాటుగా బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

“చెప్పండి,” అంది వీబెకె. “నేనే.”