పూవునకు అడ్డమైన గడ్డిపోచ

శ్రావణమేఘములు కొండచరియలనుండి లేచి దిగువనున్న చోడిచేలమీదుగా మెల్లమెల్లగా సాగిపోవుచుండగా రాత్రి కురిసిన వానకు తడిసిన పచ్చికబయలు బాలసూర్యకిరణములు సోకి తళతళలాడుచుండెను. మన్యమునందలి యా బయలుమీద విశ్రాంత వృక్షశాస్త్రోపన్యాసకుడగు పరాంకుశాచార్యులు పొట్ట నేలకాన్చి కెమెరా కంటికి చేర్చుకొని పరుండియుండెను. ఆయన ధర్మపత్ని తాయారమ్మ గొడుగు పట్టుకొని ప్రక్కన నిలిచియుండెను. గొడుగు పట్టుటయే ఆమెకు అబ్బిన వృక్షశాస్త్రము.

వడ్లగింజంతేసి తెల్లని పూవులు పూచు నేల ఆర్కిడ్ ఒకటి ఆ కొండమీద నింకను బ్రతికియున్నదని ఆచార్యులును ఏనాడో నశించినదని ఆయన తోడి ఉపన్యాసకులును వాదులాడుచుండిరి. ఫొటో చూపినగాని నమ్మమని వారు నవ్విన నవ్వు ఆయనకు అన్నము సయింపనీయకుండెను. ఇన్నాళ్లకు మొక్క కనబడెను.

చిత్రము తేటగా వచ్చుటకై పూవు చుట్టునున్న గడ్డిని పెరికివేయుట ఫొటోలు తీయువారి యలవాటు. ఆచార్యులును ముగ్గునకు వాకిలి సిద్ధపరచినట్లు ఆ చోటంతయు శుభ్రముచేసి కెమెరా సరిచూచుకొనునంతలో గాలి వీచెను. దారమువంటి ఆ కాడ అంతవరకు గడ్డిపోచల నానుకొని నిలిచినదే కాని తన బలముచే నిలిచినది కాదు. అది నడుమ విరిగి బురదలో పడెను.

"నా చేతులారా చంపేశానే దీన్ని!" అని ఆయన కంటనీరు పెట్టుకొనెను.

"ఊరుకోండి. ఇంకోటి ఉండకపోదు. కాస్త చూసి అడుగెయ్యండి" అని తాయారమ్మ పలికెను.

మధ్యాహ్నమునకు ఒక రాతిచాటున రెండవ మొక్క దొరికెను. గడ్డిపోచ యొకటి సరిగా పూవు మొగమునకే అడ్డముగా నుండెను. ఆచార్యుల చేయి అలవాటుచొప్పున ముందునకు సాగి అంతలోనే వెనుకకు వచ్చెను. ఏమియు తోచక ఆయన భార్యవంక చూచెను. ఆమె గొడుగు ముడిచి మోకాళ్ల నొప్పిని లెక్కసేయక తడినేలమీద చతికిలబడి చూపుడువ్రేలితో ఆ పోచను ఇంచుకంత ప్రక్కకు ఒత్తిపట్టెను.

"కానివ్వండి. నే కదలను."

పిమ్మట ఆ చిత్రమును చూచి తోడివారు తమ యోటమి నొప్పుకొనిరి. వారిలో నొకడు మాత్రము "మాష్టారూ, ఈ మూలనున్న వేలు తీసేస్తే బొమ్మ ఇంకా బాగుంటుందండీ" అనెను.

"ఆ వేలు లేకపోతే మీకు కనిపించేది గడ్డేనయ్యా" అనెను ఆచార్యులు.

ఆ చిత్రము నేటికిని వారి ముందరిగదిలో నట్లే వ్రేలాడుచున్నది. వడ్లగింజంత పూవు, దాని ప్రక్కను కూరలు తరిగి గీతలుపడిన గోరుతో ఒక వ్రేలు.