ఇరవై రెండు ఈతమొక్కలు

ఎండ వాసన. అప్పుడే తెగిన పచ్చి ఆకు వాసన.

ఆదివారం పొద్దున మైదుకూరులో బస్సు దిగగానే రెండూ కలిసి ముక్కుకు తగిలాయి.

కర్నూలులో నేను చదివేది నగర వనశాస్త్రం. ఆ పేరు చెబితే మా వీధంతా నవ్వుతుంది.

"టౌన్లో అడవేంది పాపా, పులులు గూడా తెస్తావా?"

నవ్వనీ అనుకున్నాను... మూడేళ్ళు అదే అనుకున్నాను.

ప్రాజెక్టుకు మా చర్చి వీధినే ఎంచుకున్నాను. నడుమెత్తు ఈతమొక్కలు నాటాను, ఇరవై రెండు. ఈతకు నీళ్ళు తక్కువైనా ఫరవాలేదు. కరెంటు తీగల దాకా అంత తొందరగా పెరగదు — లైన్‌మన్ కత్తికి పని ఉండదు. అన్నీ ఆలోచించాను.

మట్టలాదివారం ఒక్కటే ఆలోచించలేదు.

నేను కాలేజీలో ఉంటే నీళ్ళు పోసింది మా నాయన గాబ్రియేలు. గోడలు కట్టే బేల్దారి పనికి పోయే ముందు సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని, మొక్కమొక్కకూ పోసేవాడు. ఒక్కటీ ఎండలేదు. ఎల్లుండి మంగళవారం మా సార్ వచ్చి లెక్క చూస్తారు. బతికిన మొక్కలకే మార్కులు. మొక్కలు లేకుంటే ఇంకో ఏడాది ఇదే చదువు.

వీధి మలుపులో మట్టలాదివారం ఊరేగింపు ఎదురైంది. హోసన్నా... హోసన్నా... పిల్లల చేతుల్లో ఈత మట్టలు. ఆడవాళ్ళ చేతుల్లో లేతాకుతో అల్లిన సిలువలు.

లేతాకు!

పరుగెత్తాను. మొదటి మొక్క — నడిమి మొవ్వు లేదు. రెండోది — లేదు. మూడోది... మొవ్వు కోస్తే ఈత ఇక చిగురించదు. తెలిసీ ఇరవై రెండూ చూశాను. ఒక్కదానికీ లేదు.

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలి?

నాయన వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో అందరికంటే పెద్ద మట్ట, ముఖం నిండా నవ్వు.

"నీళ్ళు పారక వంకలో ఈతచెట్లన్నీ ఎండిపాయె పాపా. ఈసారి మట్టలే లేవని పాస్టరయ్య శానా దిగులుపడె. మా పాప నిస్సీ చెట్లుండాయి గదా అంటి. నేనే కోసిస్తి. సిలువలకు లేతది బాగుంటాదని నడిమిది గూడా తీస్తి. నీ పేరు చెప్పి ప్రార్థన చేసినారు!"

అరవబోయాను. ఆ రెండు క్యాన్లు కళ్ళ ముందుకొచ్చాయి.

"వచ్చే ఏడు ఇంగా శానా నాటల్ల పాపా," అన్నాడు.

తన మట్ట నా చేతిలో పెట్టాడు. ముల్లు గుచ్చుకుంది. ఊరేగింపు కదిలింది.

హోసన్నా — నేనూ పాడాను. నాయన కంటే గట్టిగా పాడాను.

పాడకుంటే ఏడ్చేదాన్ని.