పేరు చెరిగిన ఆర్మ్

జపానులోని మొరియొకాలో తోమే కాఫీ హోటలుకు జనం వచ్చేది కాఫీ కోసం కాదు, రికార్డులు వినడానికి. భర్త ర్యోజి పోయాక మూడేళ్ళుగా ఆమె ఒక్కతే నడుపుతోంది. ఆ రోజు మాత్రం రికార్డులన్నీ అట్టపెట్టెల్లో సర్ది, తాళ్ళు కట్టి, గుమ్మం పక్కన పేర్చింది. మూడింటికి కొనేవాళ్ళ వ్యాను వస్తుంది.

నిరుడు రికార్డు ప్లేయరులో ముల్లును మోసే పాత ఆర్మ్‌లో తీగ తెగిపోతే వేలంలో ఇంకొకటి కొంది. మంచి పనితనం. కానీ దాని మీద పేరు చెరిగిపోయింది, వెంట ఎలా వాడాలో చెప్పే కాగితమూ రాలేదు. పాతదాని కోసం ర్యోజి రాసుకున్న నోటుపుస్తకం చూసి తనే బిగించింది. అప్పటినుంచీ ఏ రికార్డు వేసినా బొంత కప్పుకుని పాడినట్టే ఉంది. తాను దుమ్ము పోయేలా కడగడం చేతకాక అన్నిటినీ పాడుచేశానని ఆమె తీర్మానించుకుంది. ఆయన నలభై ఏళ్ళు కూడబెట్టినవి. వాటి వంక చూడలేకపోతోంది.

రెండింటికి ఎదురు సెలూను హమానో ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"అక్కా, ఈయన ఇవాకి గారు. ముప్ఫై ఏళ్ళు ఆర్మ్‌లు చేసే ఫ్యాక్టరీలో చేశాడు. మాట్లాడించకు, మాటకింతని పన్ను కడుతున్నట్టు ఉంటాడు."

"ఇప్పుడెందుకయ్యా? పెట్టెలు కట్టేశాగా."

"తాడు విప్పితే పోలీసులొస్తారా?"

ఇవాకి అప్పటికే కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. సంచిలోంచి ఉక్కు స్కేలు తీసి, రికార్డు తిరిగే పళ్ళెం మధ్య మేకు నుంచి ఆర్మ్ తిరిగే కుదురు దాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఎవరు బిగించారు?"

"నేనే. తప్పా?"

"వెంట్రుకవాసి తేడా లేదు."

తర్వాత కుదురు పక్కనున్న చిన్న మరను గోటితో చూపించాడు. "ఇది?"

"ముల్లు లోపలికి లాక్కుపోకుండా పట్టేది కదండీ. ముల్లు మీద ఎంత బరువు పెడితే అక్కడా అంతే తిప్పమని మా ఆయన రాశాడు. అందుకే ఆర్మ్ వెనకున్న బరువు రెండు గ్రాములు, ఇది రెండు."

ఇవాకి అగ్గిపెట్టెంత తూకం తీసి ముల్లు దాని మీద దింపాడు. నాలుగు గ్రాములు.

"నాలుగా! నేను పెట్టింది రెండేనండీ."

"చూడండి."

మరను సున్నాకు తిప్పాడు. వెనక బరువు జరిపి జరిపి, ఆర్మ్ గాలిలో తేలేలా చేశాడు. అప్పుడు మరను మెల్లగా తిప్పాడు. తోమే వంగి చూసింది. ఆర్మ్ పక్కకు పోలేదు. తల వంచి కిందికి దిగింది.

"లోపల స్ప్రింగు. ఈ రకంలో బరువు వేసేది అదే. వెనకది తేలించడానికి మాత్రమే. మీరు రెండుసార్లు వేశారు."

హమానో తొడ చరుచుకున్నాడు. "ఏడాదిగా సుమో వస్తాదుని ఎక్కించావన్నమాట అక్కా!"

"నువ్వు నోరు మూసుకో." ఆమె ఇవాకి వైపు తిరిగింది. "మరి రికార్డులు పోయినట్టేనా?"

"ఎన్ని వేశారు?"

"ఓ ముప్ఫై. మిగతావి వేయడానికి మనసొప్పలేదు, వాటినే మళ్ళీ మళ్ళీ వేశాను. కడగడం అన్నీ కడిగాను."

"కడిగితే ఏం కాదు. ఆ ముప్ఫై కొంత అరిగుంటాయి."

నలిగిపోయిన ముల్లు తీసి, తన డబ్బాలోంచి ఒకటి బిగించాడు. మళ్ళీ తేలించి, మరను రెండు దగ్గర ఆపాడు. తూకం కూడా రెండే చూపించింది.

తోమే ఒక పెట్టె తాడు కోసింది. వేయని రికార్డులు చేతికి తగులుతున్నా పక్కకు నెట్టి, రోజూ వేసినదాన్నే వెతికి తీసింది. అదొక్కటీ బతికితే చాలనుకుంది.

ముల్లు దిగింది. చిటపటలు వచ్చాయి. ఆ చిటపటల వెనక నుంచి బాకా ఊదేవాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి విని ఏడాదైంది. తోమే కుర్చీలో కూలబడింది.

మధ్యలో తలుపు తోసుకుని వ్యాను కుర్రాడు వచ్చాడు. "పెట్టెలు ఇవేనా..."

ముగ్గురూ ఒక్కసారే వేలు పెదవుల మీద పెట్టారు. ఆ హోటల్లో రికార్డు తిరుగుతుండగా మాట్లాడకూడదు. కుర్రాడు టోపీ తీసి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ వైపు అయిపోయాక తోమే లేచింది.

"మీ యజమానికి ఫోను చేసి క్షమించమని అడుగుతాను నాయనా. ఇవి అమ్మడం లేదు. రెండో వైపు విని వెళ్తావా?"

కుర్రాడు గడియారం చూసుకుని, టోపీ బల్ల మీద పెట్టాడు.