మెడ వెనుక నీటి పొర

కర్నూలులో తీసిన పన్నెండో వారపు స్కానింగులో బిడ్డ మెడ వెనుక నీటి పొర ఉండవలసినదానికంటే కాస్త మందంగా కనిపించింది. క్రోమోజోముల సంఖ్య తప్పి ఉండవచ్చునని, మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలుతుందని డాక్టరమ్మ సాహితికి చెప్పింది. సాహితి అత్త నాగలక్ష్మమ్మ మాత్రం కల్లూరులోని ఇల్లు చేరేలోగా కారణం కనిపెట్టింది, పరిష్కారమూ నిర్ణయించింది. కారణం మేనరికం, పరిష్కారం కడపలో తెలిసిన నర్సింగ్ హోములో కడుపు తీసేయించడం.

నాగలక్ష్మమ్మ సాహితికి అత్త మాత్రమే కాదు, తల్లిని కన్న అవ్వ కూడా. భర్త భూపేష్ సొంత మేనమామ. అందరూ ముచ్చటపడి చేసిన ఆ పెళ్లిని ఎదిరించినవాడు సాహితి పెదనాయన మహానంది ఒక్కడే. మైదుకూరులో జంతుశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. ముహూర్తానికి కూడా రాలేదు. అందుకే మరునాడు కొడుకునూ మనవరాలినీ తీసుకుని కడపకు పోతూ నాగలక్ష్మమ్మ కారును ఆయన ఇంటి ముందు ఆపించింది. ఆయన కూడా తీసేయించమంటే మనవరాలు ఇక ఎదురు చెప్పదని ఆమె నమ్మకం.

"గెలిచినావులేప్పా! నువ్వు వద్దన్యావు, మేం విన్లేదు. ఇప్పుడు ఆ మాటేదో దీనికే చెప్పు."

సాహితి తల ఎత్తలేదు. "మామనే చేసుకుంటానని పట్టుబట్టింది నేనే, పెదనాయనా. నావల్లే కదా ఇదంతా?"

మహానంది రిపోర్టు రెండుసార్లు చదివాడు. ఆయన వాదన ఆ కుటుంబం మొత్తానికి నచ్చడం అదే మొదటిసారి. ఊరకుంటే చాలు, గెలుపు ఆయనదే.

"మేనరికం వద్దన్న మాట మీద ఇప్పటికీ ఉండాను," అన్నాడు. "దానితో వచ్చే జబ్బులు వేరే ఉండాయి. ఇది వాటిలోది కాదమ్మా. క్రోమోజోము ఒకటి ఎక్కువ కావడం సాధారణంగా అండం తయారయ్యేటప్పటి పొరపాటు. పరాయివాన్ని చేసుకున్నా జరుగుతాది. అదీ జరిగిందని ఇంకా తేలలేదు. ఈ పొర అనుమానమే. ఇట్లా కనపడిన బిడ్డలు శానామంది బాగానే పుడతారు."

"మరి తప్పు ఎవరిది?" నాగలక్ష్మమ్మ నిలదీసింది.

"ఎవరిదీ కాదత్తా."

"ఎవరి తప్పూ లేకుండా యాడన్నా జరుగుతాదా? సదువుకున్నోడివి, ఇదేం జవాబప్పా! దేవుడి మీదన్నా ఎయ్యి."

"ఎయ్యాలంటే ముందు ఆయన ఉండాల కదా."

భూపేష్‌కు నవ్వొచ్చింది. తల్లి ముఖం చూసి మింగేశాడు.

"లోపముండాదనే తేలితే?" అంది సాహితి.

"అప్పుడు నువ్వూ మీ మామా ఆలోచించుకోండి. అది నేను చెప్పేది కాదు. మీ అవ్వ చెప్పేదీ కాదు."

సాహితి భర్త వైపు తిరిగింది.

"మామా, కడపకు రావడం లేదని ఫోన్ చెయ్యి. పరీక్ష చేయించుకుంటా. ఏం తేలుతాదో చూసి నిర్ణయించుకుందాం. చేసిన పెళ్లికి శిక్ష అనుకుని మాత్రం తీసేయించుకోను."

భూపేష్ ఫోన్ తీసి వాకిట్లోకి వెళ్లాడు. నాగలక్ష్మమ్మ మనవరాలినీ మహానందినీ మార్చి మార్చి చూసింది.

"మాయలోంచి ముక్క తీస్తారంటే ఊరికేనా? నేనూ వస్తా," అంది చివరికి, ఇంకా కోపంగానే.

సాహితి వద్దనలేదు. కారు కర్నూలు వైపు తిరిగింది.